కేప్టెన్ మీద పాట

ఆ సోమవారం పొద్దున ఓర్లీన్ మొగుడి చొక్కాకు గంజి పెట్టి, ఒకటికి రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

"మట్టి అంటించుకొచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను," అంది.

"పట్టాల పనికి పోతున్నానే, పెళ్ళికి కాదు," అన్నాడు క్లీవన్ మాబ్రీ.

"మన పెళ్ళికి నువ్వింత శుభ్రంగా రాలేదులే. ముందు తిను."

మొక్కజొన్న రొట్టె సగం తిని పళ్ళెం పక్కకు జరిపాడు. తినబుద్ధవుతుందా మరి! అలబామాలో ఆ రైలు దారి వేసిన నాటి నుంచి గ్యాంగుల్లో పలుగు పట్టి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళంతా నల్లవాళ్ళు. గట్టు మీద నిలబడి పెత్తనం చేసిన కేప్టెన్లంతా తెల్లవాళ్ళు. కేప్టెన్ ఉద్యోగం ఇమ్మని క్లీవన్ మూడుసార్లు అర్జీ పెట్టుకుంటే మూడుసార్లూ నవ్వి పంపేశారు. రంగు చూసి ఉద్యోగం కాదనకూడదన్న కొత్త చట్టం వచ్చాక, నాలుగోసారికి నవ్వే వీల్లేక, "సరే, ఒక రోజు చేసి చూపించు. మిస్టర్ విట్‌లాక్ వచ్చి చూస్తారు. ఆయన సంతకం పెడితే నీది, పెట్టకపోతే మళ్ళీ పలుగు పట్టుకో" అన్నారు. ఆ ఒక్క రోజు ఇదే. పంతొమ్మిది వందల అరవై ఆరు, జూన్ నెల, కోడిగుడ్డు పగలగొడితే పట్టా మీదే వేగిపోయే ఎండ.

ఆ ఎండకే వాగు దాటాక మలుపు దగ్గర దారి ఉబ్బి పక్కకు వంగింది. దాన్ని తిన్నగా జరపాలి. రెండుంబావుకు పెద్ద బండి వస్తుంది. అప్పటికి తిన్నగా లేకపోతే బండిని ఆపాలి. ఆపితే ఆ తప్పు కేప్టెన్ మీద పడుతుంది. క్లీవన్‌కి ఇందులో భయమేమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే. మునుపు కేప్టెన్ "చాలు" అనకముందే, ఎక్కడ ఆపాలో తెలిసిన క్లీవన్ పాట ఆపేసేవాడు. పేరు మాత్రం కేప్టెన్‌కి వచ్చేది.

పాట అన్నాను కదా. అది లేకపోతే పట్టా కదలదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. పదిమంది పది పలుగులు పట్టా కిందకి దూర్చి, ఒకే క్షణంలో ఒకే పక్కకు ఎత్తిపెడితే అది అంగుళం జరుగుతుంది. ఒకడు ముందూ ఒకడు వెనకా అయితే నడుములు పట్టేస్తాయి తప్ప అది జరగదు. కేప్టెన్ ఏభై గజాల అవతల మోకాలు వేసి, పట్టా వెంట చూపు సారించి, ఎటు జరపాలో చెయ్యి ఊపి చెబుతాడు. ఎప్పుడు ఎత్తాలో పాట చెబుతుంది.

ఆ పాట ఎవరి మీదంటారా? కేప్టెన్ మీదే. అతని బొజ్జ మీద, పిసినారితనం మీద, అతనికి లేని తెలివి మీద. పదాల్ని నమిలి, సాగదీసి, గట్టు మీదివాడికి ఒక్కటీ అందకుండా పాడతారు. దరువు వినబడితే చాలు, కేప్టెన్లు తలాడిస్తూ నిలబడేవాళ్ళు. రోజంతా తిట్టించుకుని, సాయంత్రం "భలే హుషారుగా పాడారర్రా" అని మెచ్చుకుని పోయేవాళ్ళు. రోజంతా "యెస్ సర్" అనే నోటికి ఆ పాటే కాస్త ఊపిరి. పదిహేనేళ్ళు అలా పాడినవాడు క్లీవనే. ఇప్పుడు అతని స్థానంలో పాడేది ఓర్లీన్ తమ్ముడు ఫేట్. నోరు తెరిస్తే మూసేవాడు కాదు.

మధ్యాహ్నం పావు తక్కువ రెండుకి విట్‌లాక్ గొడుగేసుకుని గట్టెక్కాడు. క్లీవన్ మోకాలు వేసి చూశాడు. నాలుగంగుళాలు ఎడమకు వంగింది. చెయ్యి ఊపాడు.

ఫేట్ గొంతు సవరించుకున్నాడు. వచ్చింది చర్చిలో, అదీ ఎవరైనా పోయినప్పుడు పాడే కీర్తన. ఒక్కో అక్షరం వాగు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా సాగుతోంది. దానికి దరువేదీ? పలుగులు తలో దారిన లేచాయి. ఒకడు ఎత్తేసరికి ఇంకొకడు దించేశాడు. పట్టా వెంట్రుకవాసి కూడా కదలలేదు.

క్లీవన్ మళ్ళీ చెయ్యి ఊపాడు. మళ్ళీ కీర్తనే. ఇంకా భక్తిగా.

విట్‌లాక్ గడియారం తీశాడు. "ఏం క్లీవన్, నీ మాట మీవాళ్ళే వినడం లేదా?"

ఆ మాట క్లీవన్‌కి ముల్లులా గుచ్చుకుంది. అదే అనుమానం అతనికీ వచ్చింది. నిన్నటిదాకా పక్కన పలుగు పట్టినవాడు ఇవాళ గంజి చొక్కా, కొత్త టోపీ వేసుకుని చెయ్యి ఊపుతుంటే ఒళ్ళు మండదా? వీళ్ళు కావాలనే తనని దించేస్తున్నారా? గ్యాంగు దగ్గరికి నడిచాడు.

"ఏంట్రా ఫేట్ ఈ ఏడుపు? ఎవరు పోయారు?"

ఫేట్ తల దించుకున్నాడు. "అది కాదు బావా..."

"మరేది? నేను కేప్టెన్నైతే నీకు కడుపుమంటగా ఉందా?"

"ఛీ ఛీ, అవేం మాటలు బావా! మీ అక్క మీద ఒట్టు... కాదు, మా అక్క మీద ఒట్టు."

అందరిలోకీ పెద్దవాడు, చర్చిలో సంఘపెద్ద అయిన జూనియస్ ముందుకొచ్చాడు. నలభై ఏళ్ళు పలుగు పట్టిన మనిషి. "వాణ్ణనకు క్లీవన్. నేనే చెప్పా. నిన్న ప్రార్థన అయ్యాక అందరం మెట్ల మీద నిలబడి ప్రమాణం చేశాం. మనలోంచి లేచిన మొదటి కేప్టెన్ నువ్వు. మా నాన్న చూళ్ళేదు, మా తాత కల్లో కూడా అనుకోలేదు. నీ మీద ఒక్క తిట్టు కూడా పడకూడదనుకున్నాం. దొరల మీద పాడిన నోటితో నీ మీదెలా పాడతాం?"

"అందుకని శవం దగ్గర పాట పాడతారా?"

"మాకు మర్యాదైన పాట ఇదొక్కటే వచ్చు," అన్నాడు జూనియస్ నిజాయితీగా.

క్లీవన్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంత ప్రేమతో ఎవరైనా ఒకరి కొంప కూలుస్తారా! పదిమంది మొహాలూ చూశాడు. అందరూ చెమటతో తడిసి, తప్పు చేసిన పిల్లల్లా నిలబడి ఉన్నారు. వాళ్ళ మీద అనుమానపడ్డందుకు సిగ్గేసింది. గట్టు మీద విట్‌లాక్ ఏదో రాసుకుంటున్నాడు. బండికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది.

"ఆరుగురు కేప్టెన్లని తిట్టాం మనం," అన్నాడు క్లీవన్ గొంతు తగ్గించి. "ఒక్కడికీ అర్థం కాలేదు. నాకు ప్రతి మాటా అర్థమవుతుంది. అర్థమయ్యేవాణ్ణి తిట్టే అవకాశం మొదటిసారి దొరికితే వదిలేసుకుంటారేంట్రా?"

ఫేట్ భుజం తట్టాడు.

"తిట్టండ్రా నన్ను! మీరు మర్యాద చూపిస్తే సాయంత్రానికి నేను మళ్ళీ మీ పక్కకొస్తాను. తిడితే ఈ గట్టు మీదుంటాను. ఏది కావాలో చూసుకోండి."

వెనక్కి నడిచాడు. ఈసారి గంజి చొక్కా సంగతి చూసుకోకుండా కంకర మీద బోర్లా పడుకుని, పట్టాకు చెంప ఆనించి, చెయ్యి ఊపాడు.

పలుగులు పట్టా కిందకి దూరాయి. తర్వాత ఫేట్ గొంతు, మొదట భయం భయంగా:

"మా బావకు కొత్త టోపీ, చెవుల మీద ఆగింది!
చెవులు గనక లేకపోతే మెడ దాకా జారేది!"

ఎవడో కిసుక్కున నవ్వాడు. పలుగులు టంగుమన్నాయి. "హుమ్!" పట్టా మూలిగింది.

"బావ గురక మొదలెడితే కోళ్ళు చెట్టు దిగవూ!
మా అక్క చెవుల్లోన దూది లేక దిగులూ!"

"హుమ్!" అంగుళం. ఇంకో అంగుళం. జూనియస్ కూడా ప్రమాణం గాలికొదిలేసి నవ్వుతున్నాడు. పదిమందీ ఇప్పుడు ఒక్క మనిషి. ఫేట్‌కి పూనకం వచ్చినట్టే ఉంది. పదాలు నమలడం, సాగదీయడం మానేశాడు. గొంతెత్తి, ఊరంతా వినేట్టు అందుకున్నాడు:

"మూడుసార్లు అడిగాడు, మూడుసార్లు పొమ్మన్నారు!
సిగ్గులేని మా బావా నాలుగోసారి పోయాడూ!"

"హుమ్!"

క్లీవన్ కళ్ళకు పట్టా మసకబారింది. పదిహేనేళ్ళు తను పాడాడు గానీ, తన మీద పాట ఎలా ఉంటుందో తెలీదు. ఇంత గొప్పగా ఉంటుందని ఎవరు చెప్పారు? చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఉబ్బు పోయింది. మలుపు ఎలా ఉండాలో అలా ఉంది. చెయ్యి ఎత్తి ఆపాడు.

రెండుంబావుకు బండి వచ్చింది. వేగం తగ్గించలేదు. పెట్టెలన్నీ ఆ మలుపు మీదుగా ఒక్క కుదుపు లేకుండా వెళ్ళిపోతుంటే, క్లీవన్ గట్టు మీద ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

విట్‌లాక్ పట్టా వెంట రెండువైపుల నుంచీ చూశాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు. కాగితం మీద సంతకం పెట్టి అందించాడు. క్లీవన్ దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క మాట," అన్నాడు విట్‌లాక్. "వాళ్ళు ఏం పాడారు? అంతా నీ గురించే అన్నట్టుంది."

ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: ఏదో పని పాటండీ. అది నాలుక చివరిదాకా వచ్చింది. క్లీవన్ మింగేశాడు.

"నన్ను తిట్టారండీ."

"తిట్టారా! మొదటి రోజే? నువ్వూరుకున్నావా?"

"నేనే తిట్టమన్నా. ఇక్కడ కేప్టెన్‌ని తిట్టకపోతే పట్టా జరగదండీ. ఎప్పుడూ అంతే."

విట్‌లాక్ సరేనని తలూపి, గొడుగు తెరిచి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. "ఎప్పుడూ అంటే? ఈ గ్యాంగుకి నేను నాలుగేళ్ళు కేప్టెన్‌ని."

"గుర్తుందండీ. మీకు నేనే పాడా."

కింద పదిమందీ ఊపిరి బిగబట్టారు. విట్‌లాక్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"నాలుగేళ్ళూనా? ఏమని?"

"అంతా చెప్పాలంటే పొద్దుగూకుతుంది, మిస్టర్ విట్‌లాక్. నాకింకా రెండు చిన్న వంపులున్నాయి," అన్నాడు కేప్టెన్ మాబ్రీ.

టోపీ సర్దుకుని, తర్వాతి వంపు దాకా నడిచి, మోకాలు వేసి, పట్టా మీద చూపు నిలిపి, చెయ్యి ఊపి, తన తిట్ల కోసం చెవులు రిక్కించాడు.