పాత్ర మారాలి

గీతాంజలి రాసిన కథలో అత్తగారి పేరు కనకమ్మ. మొదటి పేజీలో కనకమ్మ కోడలు కాచిన చారు రుచి చూసి, ఉప్పెక్కువైందని మూతి తిప్పుతుంది. చివరి పేజీలోనూ అదే చారు, అదే మూతి, అదే తిప్పడం. మధ్యలో కోడలి ఉద్యోగం ఊడి మళ్లీ దొరికింది, కొడుక్కి కాలు విరిగి అతుక్కుంది, పక్కింట్లో దొంగలు పడి టీవీ ఎత్తుకుపోయారు. ఇంత జరిగినా కనకమ్మ మూతి మాత్రం పట్టు వదల్లేదు.

"అదే ఇబ్బంది, గీతగారూ," అంది ఫోన్లో జెస్సీ.

జెస్సీది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆడియో కథల కంపెనీలో కథలు ఏరే ఉద్యోగం. కడప పిల్ల. మాట మెత్తన, పట్టు గట్టి. "కథ బాగుంది, నవ్వొచ్చింది. కానీ పాత్ర మారాలి. ఇంత అనుభవం మీద పడ్డాక మనిషి కాస్తయినా కదలాలి కదండీ. సోమవారం రికార్డింగ్. ఆలోపు మారిస్తే మీ కథే తీసుకుంటాం. లేదంటే ఇంకొకరిది సిద్ధంగా ఉంది."

ఎలక్ట్రానిక్ సిటీలో పొద్దస్తమానం ఎవరెవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని గీతాంజలిది. ఆమె రాసినదాన్ని ఒకరు చదివి బాగుందనడం ఇదే మొదలు. ఇదీ చెయ్యి జారితే ఇక కలం ముట్టనని తనమీద తనే ఒట్టేసుకుని కూర్చుంది.

"మారని మనుషులు కూడా ఉంటారండీ," అంది ఉక్రోషంగా. "కావాలంటే చందాపుర రండి. మా ఇంట్లో చూపిస్తాను."

చూపించడానికి ఇంట్లో బాలమ్మ ఉంది. గీతాంజలి భర్త మహేశ్‌కి తల్లి. పుట్టింది, పెరిగింది, బడికి వెళ్లింది అంతా బెంగళూరే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ఏళ్ల తరబడి రెండూ ఒకే నోట్లో కాపురం చేసి, ఏది ఏదో ఆవిడకే తెలియకుండా పోయింది. అనకాపల్లి నుంచి వచ్చిన గీతాంజలికి మొదటి ఏడాది అత్తగారి మాటల్లో సగం అర్థం కాలేదు, అర్థమైన సగం నచ్చలేదు.

అన్నిటికన్నా నచ్చనిది హండా. వంటింటి పక్కన చిన్న బాల్కనీ ఉంది. పొద్దుటెండ పడుతుంది, గాలొస్తుంది, చప్పుడుండదు. రాసుకునే బల్ల వేసుకోవడానికి ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చోటు అది. ఆ చోట్లో బాలమ్మ పుట్టింటి రాగి హండా పొట్ట ముందుకు పెట్టుకుని కూర్చుని ఉంది. గీజరొచ్చాక అందులో నీళ్లు కాగింది లేదు. ఉల్లిపాయలూ, ఎందుకైనా పనికొస్తాయని దాచిన ప్లాస్టిక్ కవర్లూ అందులో ఉంటాయి. కొత్తలో ఒకసారి గీతాంజలి, "అత్తయ్యా, దీన్ని ఇంకెక్కడైనా పెడదామా? నేను రాసుకోడానికి ఒక మూల కావాలి," అని అడిగింది. "అది ఆడనే ఉంటాది," అంది బాలమ్మ. అంతే, మూడేళ్లుగా అది ఆడనే ఉంది, గీతాంజలి మంచం మీద బోర్లా పడుకుని రాస్తోంది.

ఇప్పుడు ఆ మంచం మీదే కనకమ్మను మార్చడం మొదలుపెట్టింది. మొదట ఆవిడకు జ్వరం తెప్పించింది. జ్వరం తగ్గేసరికి కనకమ్మ కోడలి చేతులు పట్టుకుని, "నువ్వే నా కూతురివి," అని ఏడ్చింది. జెస్సీ చదివి, "అనుభవంతో మారాలండీ, పారాసిటమాల్‌తో కాదు," అంది. తర్వాత కాశీకి పంపింది. కనకమ్మ గంగలో మునిగి, మంచిదై తేలింది. "రైలెక్కితే మారిపోతారా? నేను రోజూ మెట్రో ఎక్కుతున్నాను," అంది జెస్సీ. మూడోసారి కనకమ్మను మేడమెట్ల మీంచి తోసింది. అది కథకోసం కాదు, తన కసికోసం. పంపకుండానే కొట్టేసింది.

"అసలు ఆవిడకి ఏం కావాలి?" అని అడిగింది జెస్సీ చివరికి. "అది మీకు తెలుసా?"

కనకమ్మకు ఏం అక్కర్లేదో గీతాంజలి పేజీలకు పేజీలు రాయగలదు. ఏం కావాలో ఒక్క ముక్కా తట్టలేదు.

గురువారం సాయంత్రం బాల్కనీలో నిలబడి, అలవాటుగా హండా మీద చెయ్యేసి, మళ్లీ జెస్సీతో మాట్లాడింది. విసుగులో గొంతు కాస్త పెద్దదే అయింది.

"సరే జెస్సీగారూ, ఒప్పుకుంటున్నాను. ఆ పాత్ర మారాల్సిందే. నాకూ ప్రాణం విసిగిపోయింది. వట్టి మొండిఘటం! ఉన్నచోటే ఉంటుంది, అంగుళం కదలదు. దానివల్లే నా పని ముందుకు సాగట్లేదు. ఆదివారంలోపు ఎలాగైనా మారుతుంది, చూడండి!" అని, ఊపులో హండాని అరచేత్తో ఒక్కటి చరిచింది. అది టంగుమంది.

వంటింట్లో అనపకాయలు వలుస్తున్న బాలమ్మ చేతులు ఆగిపోయాయి. గీతాంజలి అది చూడలేదు.

ఆ రాత్రి నుంచి బాలమ్మ నోరు పడిపోయినట్టే అయింది. శుక్రవారం చారులో ఉప్పు గురించి మాటే రాలేదు. ఇల్లింత ప్రశాంతంగా ఉంటే రాయడానికి ఎంత బాగుంటుందోనని గీతాంజలి సంతోషించింది కూడా. తీరా కూర్చుంటే ఒక్క వాక్యం పడలేదు.

శనివారం ఆఫీసులో ఏదో అర్జెంటు పని పడి, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చింది. బాల్కనీ నేల తళతళలాడుతోంది. కిటికీ పక్కగా కొత్త మడతబల్ల, దానిముందు కుర్చీ, బల్లమీద ఆమె ల్యాప్‌టాప్ చార్జరు చుట్టచుట్టి పెట్టి ఉంది. ఉల్లిపాయలు ఒక బుట్టలోకి మారాయి. హండా లేదు.

"అత్తయ్యా! హండా ఏదీ?"

బాలమ్మ వంటింట్లోంచి తల బయట పెట్టకుండానే, "మారేసినాను," అంది.

"ఎక్కడికి మార్చారు?"

"యాడికేంది? మారేసినానంటే మారేసినాను. ఎంకటగిరియప్ప అంగడిలో ఇచ్చి ఈ బల్ల తెస్తిని. నువ్వే అంటివి కదమ్మా ఫోన్లో, పాత్రె మారల్ల, మొండిఘటం, దానివల్లే నా పని ఆగిపోయిందాది అని. దానిమీద కొట్టి మరీ చెప్తివి."

గీతాంజలికి ఏమీ బోధపడలేదు. హాల్లో టీవీ చూస్తున్న మహేశ్ ముందు పకపకా నవ్వాడు. భార్య మొహం చూసి మానేశాడు.

"కన్నడంలో మారడం అంటే అమ్మడం, గీతా. పాత్రె అంటే గిన్నె, బిందె, హండా... ఏదైనా. నువ్వు క్యారెక్టర్ చేంజ్ కావాలన్నావు. అమ్మకి హండా అమ్మేయాలని వినిపించింది. కంప్లీట్ కమ్యూనికేషన్ గ్యాప్."

"నీకు తెలిసి ఎందుకు ఆపలేదు?"

"నన్నెవరు అడిగారు? నేను నిద్ర లేచేసరికే ఆటో వెళ్లిపోయింది."

గీతాంజలికి సిగ్గు, దుఃఖం కలిసి ఒక్కసారి ముంచుకొచ్చాయి. ఆ హండా పోవాలని మూడేళ్లు కోరుకుంది. పోయాక చూస్తే ఆ చోటు బోడిగా, పన్నూడిన నోరులా ఉంది. మడతబల్ల మడిచి చంకలో పెట్టుకుని, "పదండి అత్తయ్యా," అంది.

గేటు దగ్గర తిరుపాలు ఆటోలోనే ఉన్నాడు. పొద్దున హండా మోసింది కూడా అతనే. "మళ్లీ ఏం మార్చల్లమ్మా?" అని అడిగాడు. "పొద్దున పోయిన అంగడికే పోనీ," అంది బాలమ్మ.

చందాపుర సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఎప్పటిలాగే కదలనని భీష్మించుకుంది. బల్ల ఇద్దరి మధ్యా అడ్డంగా ఉంది. దాని మీంచి గీతాంజలి అడిగింది.

"నేనెప్పుడో అడిగితే ఇవ్వనన్నారుగా. ఇప్పుడెందుకు ఇచ్చేశారు?"

"అడిగిన దినమే ఇచ్చేస్తే అత్త అని ఎవరంటారు?" అంది బాలమ్మ. బయటికి చూస్తూ మెల్లగా మొదలుపెట్టింది. "నేను పెండ్లయి వచ్చినబుడు ఆ ఇంటినిండా జనం పాపా. నాది అనేదానికి ఒక మూల లేదు. మా అమ్మ ఇచ్చిన హండె యాడ పెట్టల్లో తెలీక నీళ్లింటి మూలలో పెడితిని. ఆ మూల నాదైపోయె. ఏడుపొస్తే దాని ఎనక పోయి కూర్చుంటాంటిని. నీకూ ఒక మూల కావల్లంటివి. ఈ ఇంట్లో ఉండేది ఒకటే మూల. ఇంకేం చేసేది చెప్పు?"

ఆవిడకి ఏం కావాలి అని జెస్సీ అడిగిన ప్రశ్నకు జవాబు ఆటోలో పక్కనే కూర్చుని ఉంది. గీతాంజలికి కళ్లు చెమర్చాయి. బల్ల మీంచి చెయ్యి చాపి అత్తగారి చెయ్యి పట్టుకుంది. కథలో కనకమ్మ చేత చేయించి, జెస్సీ చేత తిట్లు తిన్న పని సరిగ్గా ఇదే.

వెంకటగిరియప్ప అంగడి ముందు టెంపో నిలబడి ఉంది. పాత రాగి, ఇత్తడి అందులోకి ఎక్కిస్తున్నారు. పెద్ద సామాన్లు చోటు తినకుండా సుత్తితో అణగ్గొడుతున్నారు. హండా నేలమీద పక్కకు పడి ఉంది, దాని పైన సుత్తి లేచి ఉంది.

"మారొద్దు! మారొద్దు!" అని అరిచింది గీతాంజలి ఆటోలోంచే. మూడేళ్లలో ఆమె అత్తగారి భాషలో మాట్లాడిన మొదటి మాట అది.

అప్పటికే ఒక దెబ్బ పడింది. రెండోది పడకుండా ఆగింది. పొట్ట మీద అరచెయ్యంత సొట్టతో హండా బయటపడింది.

"ఏమప్పా ఇది," అన్నాడు వెంకటగిరియప్ప, తిరిగొచ్చిన బల్లకేసి చూస్తూ. "పొద్దున ఆయమ్మ మారల్ల అనె, ఇబుడు నువ్వు మారొద్దంటావు. మీ ఇంట్లో మాట అనేది ఒకటి ఉండాదా లేదా?"

"రెండుండాయి. దానివల్లే వచ్చింది ఇదంతా," అంది బాలమ్మ.

ఇంటికొచ్చాక అసలు చిక్కు మిగిలింది. హండా తన చోట్లో తాను కూర్చుంది, గీతాంజలికి మళ్లీ చోటు లేదు. "బల్లా పాయె, నీ మూలా పాయె," అని బాలమ్మ నొచ్చుకుంది. ఆదివారం పొద్దున మహేశ్ కింద ఫ్లాట్లో పనిచేస్తున్న వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని హండా మూతి మీద పెట్టారు. ఊగింది. బాలమ్మ తన పాత చీర ముక్కను చుట్టకుదురులా చుట్టి చెక్క కింద పెట్టింది. ఊగడం ఆగింది. గీతాంజలి కుర్చీ జరుపుకుని కూర్చుంటే, హండా పొట్ట అడ్డురావాల్సిన చోట సరిగ్గా సొట్ట ఉంది. మోకాలు అందులో కుదురుగా ఒదిగింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బాలమ్మ చారు నోట్లో పోసుకుని మూతి తిప్పింది. "ఉప్పెక్కువుండాది," అంది.

గొంతు తిరిగొచ్చిందని గీతాంజలికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడే ఇంకోటి కూడా కంటబడింది. మూతి తిప్పిన మనిషి గరిటె అందుకుని, అన్నంలో ఇంకో గరిటెడు చారు పోసుకుంది. కాసేపాగి, ఇంకోటి.

"రోజూ ఇంతేనా?" అని భర్తను గుసగుసగా అడిగింది.

"ఇంతే. నీ చారు మిగలదు కదా ఎప్పుడూ," అన్నాడు మహేశ్.

మూడేళ్లుగా తిరిగిన మూతినే చూసింది కానీ, ఆ తర్వాత లేచిన గరిటెను ఒక్కనాడూ చూడలేదు. చెయ్యి కడుక్కుని నేరుగా బాల్కనీలోకి వెళ్లింది. కనకమ్మ జ్వరం తీసేసింది, కాశీ తీసేసింది. చివరి పేజీలో కనకమ్మ చారు తాగి, ఎప్పటిలాగే మూతి తిప్పింది. కోడలు ఈసారి లేచి వెళ్లిపోకుండా అక్కడే కూర్చుని, గరిటె వైపు చూసింది. అంతే రాసి పంపేసింది.

సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"ఏం చేశారండీ?" అంది జెస్సీ. "ఆవిడ ఆ మూతి తిప్పడం మానలేదు. అయినా చివర్లో ఆ గరిటె దగ్గర నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. తీసుకుంటున్నాం. ఈ మధ్యాహ్నమే రికార్డింగ్."

గీతాంజలి పట్టలేని సంతోషంతో వంటింటివైపు తిరిగి కేకేసింది. "అత్తయ్యా! పాత్ర మారిందట!"

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. బాలమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, ల్యాప్‌టాప్‌తో, చెక్కతో, చీర ముక్కతో సహా హండాని రెండు చేతులా వాటేసుకుంది.

"ఎవరు మారింది? ఈ సారి నేనియ్యను, పో!"