గాజు మీద అంకెలు

కుర్చీలు అల్లే ఆయనకు చూపు లేదు. పేము ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో వేళ్లే చెబుతాయి. దుకాణాల్లో కార్డు మిషన్లకు బొత్తాలున్నన్నాళ్లు పిన్ నంబరు కూడా ఆ వేళ్లలోనే దాగి ఉండేది. తర్వాత గాజు మిషన్లు వచ్చాయి. గాజు మీద ఏ అంకె ఎక్కడుందో వేలికి తెలియదు. భార్యను తోడు తీసుకెళదామంటే, మోకాళ్లు అరిగి ఆమె మెట్లు దిగలేదు. దాంతో కొట్టువాళ్లకు నంబరు చెప్పి కొట్టించుకోవడం అలవాటైంది.

ఆ మోకాళ్ల ఆపరేషన్ కోసం దాచిన సొమ్మును ఎవరో కార్డు నకలు తీసి ఊడ్చేశారు. ఆస్పత్రిలో కట్టబోతేగాని ఆయనకు తెలియలేదు.

"పిన్ ఎవరికైనా చెప్పారా?" బ్యాంకు ఆఫీసరమ్మ అడిగింది.

"చెప్పకుండా ఎలా కొంటానమ్మా?"

"ఎవరెవరికి?"

"మందుల షాపు, సరుకుల కొట్టు, పేము అమ్మేవాళ్లు. నాకు చెవుడు కూడా ఉందనుకుంటారో ఏమో, తిరిగి గట్టిగా చదివేవాళ్లు. వరసలో ఉన్నవాళ్లకి కంఠతా వచ్చేసుంటుంది."

ఆమె నవ్వలేదు. "మీరే చెప్పారు కాబట్టి బాధ్యత మీదేనండి. డబ్బు వెనక్కి రాదు. మా చేతుల్లో ఏమీ లేదు."

"మరి గాజు మీద నన్నెలా నొక్కమంటారు?"

ఆమె సొరుగు లాగింది. "కొత్త కార్డిస్తాను. ఈసారి మాత్రం పిన్ ఎవరికీ చెప్పకండి."

ఇంటికి రాగానే భార్య అడిగింది. "ఇచ్చారా?"

"కార్డిచ్చారు."

"అరగదీసి మోకాళ్లకి రాసుకోనా?" నవ్వుతూ లేవబోయి, "అమ్మా" అంటూ కూలబడింది.

నొప్పి బిళ్లలు నిండుకున్నాయి. ఒక కుర్చీ కూలి నిన్ననే ఖాతాలో పడింది. ఆయన చేతికర్ర తీసుకుని మెట్లు దిగాడు.

మందుల షాపులో నోట్లు తీసుకోవడం ఎప్పుడో మానేశారు. షాపతను మిషన్ను ఆయన చేతి దగ్గరకు జరిపాడు. వేళ్లు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమాయి. ఎక్కడా ఏమీ తగల్లేదు. వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నంబరు చెప్పు బాబాయ్, నేను కొడతా," అన్నాడు షాపతను.

ఆయన వెనక్కి తల తిప్పాడు. ఎంతమంది ఉన్నారో తెలియలేదు. ముందుకు వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"వినపళ్లేదు బాబాయ్, కాస్త గట్టిగా."