గీత పక్కన సున్న

మగ్గంలో కూర్చుంటే పడుగులో ఎక్కడో నిలువు పోగు తెగిందనిపిస్తుంది. లేచి వెనక్కు పోయి, వేళ్ళతో తడిమి చూస్తాను. తెగి ఉండదు. వచ్చి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి నాలుగు వరసలు నేసేసరికి మళ్ళీ అనిపిస్తుంది. మళ్ళీ లేస్తాను. మా నాయన చనిపోయిన ఏడాది, అంటే ఎనభై రెండు నుంచి ఇదే వరస. వారానికొక చీర దించేవాణ్ణి. ఇప్పుడు రెండు నెలలైనా ఒకటి దిగలేదు.

చేనేత సొసైటీ గుమాస్తా దేవేంద్రప్ప ఎమ్మిగనూరులో మా ఇంటికే వచ్చి చెప్పాడు.

"ఉగాదిలోపల ఈ చీర దించకుంటే నీకిచ్చే నూలు ఇంగొకరికి ఇస్తారంట గోవిందయ్యా. నా సేతుల్లో ఏం లేదప్పా."

నాకు మగ్గం తప్ప ఇంకొక పని రాదు.

ఆసుపత్రి డాక్టరు నిద్రమాత్రలు ఇచ్చాడు. నిద్ర బాగానే పట్టింది. తెల్లారి లేస్తే పోగు అనుమానం నాకంటే ముందే లేచి కూర్చుంది. రెండోసారి పోతే, "ఇది మాత్రలతో పోయేది కాదు. మాట్లాడి నయం చేసేవాళ్ళు ఉంటారు. ఆదోనిలో విచారించు" అన్నాడు. మాటలతో పోయేదైతే నా భార్య నీలమ్మ మాటలకు ఎప్పుడో పోయి ఉండాలి.

ఆదోనిలో బస్సు దిగి మందుల అంగడిలో అడిగాను.

"మాట్లాడే డాక్టరా? మాట్లాడని డాక్టరు యాడుండాడన్నా?" అని నవ్వాడు అంగడాయన. పక్కనున్న ముసలాయన ఉరుకుందకు పోయి మూడు సోమవారాలు ఈరన్న సన్నిధిలో పండుకోమన్నాడు. పండుకొనే వచ్చానని నేను చెప్పలేదు. ఇంకొకాయన, మాటలకైతే వకీలే మేలని ఒక వకీలు ఇంటికి దారి చూపించాడు. ఆ వాకిలి దాకా పోయి తిరిగి వచ్చాను.

చివరకు టీ అంగడి హుసేనమ్మ చెప్పింది.

"శ్రీపాదరావు అయ్యవారి బిడ్డ ఇందిరాబాయి బెంగుళూరులో మనసు డాక్టరంట. మాత్రలియ్యదంట, సూదెయ్యదంట. కాన్పుకు వచ్చింది."

"మాత్రలియ్యకుంటే ఇంకేం డాక్టరు?"

"నాకేం తెలుసప్పా? పిచ్చోళ్ళతో మాట్లాడతాదంట."

"నాకు పిచ్చి లేదు."

"లేకుంటే ఆ గ్లాసు అడుగు నాలుగుసార్లు యాల సూస్తివి?"

శ్రీపాదరావు అయ్యవారు వాకిట్లోనే ఆపాడు. కాన్పుకు వచ్చిన పిల్లతో పని చేయించనన్నాడు.

"రానీ అప్పా. రెండు నెల్లుగా తిను, పండుకో అనే మాటలే వింటాన్నాను" అని లోపలి నుంచి కూతురి గొంతు వినిపించింది.

ఇందిరాబాయి గోడకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని కూర్చుంది. నాడి చూడలేదు. నాలుక చూడలేదు.

"పోగు తెగితే ఏమైతుంది గోవిందన్నా?"

"చీరలో గీటు పడతాదమ్మా."

"పడితే?"

"సొసైటీలో తప్పు పడతారు."

"పడితే?"

"మా నాయన చీరలో ఎవురూ తప్పు పట్టలేదు."

"నీ చీరలో పట్టినారనుకో. అప్పుడు?"

అంతకు అవతల ఏముందో నేనెప్పుడూ చూడలేదు. ఇవన్నీ ఎందుకు అడుగుతుందో కూడా తెలియలేదు.

ఒక నోటుబుక్కు పెట్టుకోమంది. లేచి చూసినప్పుడల్లా ఒక గీత. నిజంగా తెగిన పోగు దొరికితే ఆ గీత పక్కన ఒక సున్న. రోజుకు ఒక జానెడు మాత్రం, మనసు ఏమన్నా సరే, లేవకుండా నేయాలి. మందు ఇంతే.

వారం తర్వాత పుస్తకం తీసుకొని గర్వంగా పోయాను. ఒక్క గీత లేదు.

"అంత బాగా ఎట్ల కుదిరె?"

"నేను లేయలేదమ్మా. మా నీలమ్మను పడుగు వెనకాల కూర్చోబెట్టినాను. నేను అడుగుతాంటా, ఆమె చూసి చెప్తాంటాది."

ఇందిరాబాయి పొట్ట పట్టుకొని నవ్వింది. "చూసే కండ్లు ఆమెవి సరే. అనుమానం ఎవరిదన్నా?"

మగ్గం పనిలో ఇంట్లో ఆడవాళ్ళ చేయి లేనిది ఎప్పుడు? అందులో తప్పేమిటో దారిపొడుగునా ఆలోచించినా తెగలేదు. అయినా ఇంటికి పోయి నీలమ్మకు చెప్పాను, నేను అడిగినా పలకవద్దని.

"నా నోరు మూపించేదానికి ఆదోని దాకా పోయొస్తివా?" అంది.

కానీ పలకలేదు. అడిగితే బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. నా వీపు చెమటతో తడిసేది. జానెడు కాస్తా రెండు జానలైంది.

మూడోసారి పోతే ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. "నిన్న ఆడపిల్ల పుట్టింది. పురుడు. పదకొండు దినాలు ఎవరూ లోపలికి రాకూడదు" అన్నాడు అయ్యవారు.

తిరిగి పోబోతుంటే గదిలో నుంచి నీరసంగా గొంతు వచ్చింది. "గోవిందన్నా, ఎన్ని గీతలు?"

వాకిట్లో నిలబడి చెప్పాను. "నూటా నలభైయమ్మా."

"సున్నాలు?"

"రెండు."

"ఆ రెండూ నువ్వు లేసి పోతే దొరికినాయా, ముందే తెలిసినాయా?"

ఆలోచించాను. రెండుసార్లూ నేస్తుండగా చేతికే తెలిసింది. లేవడం ఆ తర్వాత. "సేతికే తెలిసిందమ్మా."

"మరి తక్కిన గీతలన్నీ ఎందుకు?"

బిడ్డ ఏడ్చింది. అయ్యవారు చేత్తో పొమ్మని సైగ చేశాడు. ఆ ప్రశ్న ఒక్కటే పట్టుకొని బస్సెక్కాను.

ఉగాదికి ఇంకా మూడు రోజులుంది. కొంగు మిగిలింది. తెగింది అంటుంది మనసు. తెగిందేమోలే అని నేస్తాను. లేవలేదని కాదు, లేచాను. తక్కువసార్లు లేచాను. పండగ ముందురోజు చీర కోసి, చూడకుండా మడిచి సొసైటీకి తీసుకుపోయాను.

దేవేంద్రప్ప వెలుతురుకు పట్టి చూశాడు. ఒకచోట బొటనవేలు ఆగింది.

"ఈడ ఒక పోగు పోయింది గోవిందయ్యా. జానెడు."

నా చెవుల్లో రెండు మగ్గాలు ఆడినట్టయింది. అతను గోటితో ఆ చోటు అటూ ఇటూ గీకి, పోగులు దగ్గరికి సర్ది, మడతేసి పక్కన పెట్టాడు. కొత్త పడుగు నూలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అంతేనా?" అన్నాను.

"ఇంకేం కావాలప్పా?"

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. ఒక సున్న పెట్టాలి. కానీ నేను లేచి చూడని పోగు అది. దాని పక్కన గీత లేదు. ఇందిరాబాయిని అడుగుదామంటే పురుడు తీరడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఒట్టి సున్న ఒకటి చుట్టి, పుస్తకం మూసి, కొత్త పడుగు సరిచేయడానికి నీలమ్మను పిలిచాను.