చూడకుండా వేసిన హాజరు

మార్కాపురం అవతల, పలకల క్వారీల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఫోనుకు ఇంటర్నెట్ అందేది బడి గేటు దగ్గర మాత్రమే. పొద్దున్నే రాధాకుమారి టీచరు అక్కడ నిలబడి ఫోను పైకెత్తి పట్టుకునేది. వేళ దాటేలోగా పిల్లల హాజరు యాప్‌లో ఎక్కకపోతే, బడి పేరు ఎర్రరంగులో టీచర్ల వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఆ వెంటనే మండల విద్యాధికారి, ఎంఈఓ గారు అందరి ముందూ నిలదీస్తారు. ఒకసారి అలా మాట పడి ఆమె రాత్రంతా ఏడ్చింది. అప్పటినుంచి క్లాసులోకి అడుగుపెట్టకముందే, గేటు దగ్గరే, అందరూ వచ్చినట్టు నొక్కేసేది. హెడ్మాస్టరు గోవర్ధన్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

ఆ రోజూ అలాగే నొక్కి క్లాసులోకి వెళ్లింది. మల్లి అనే పిల్ల చోటు ఖాళీగా ఉంది. జ్వరమొచ్చిందేమోలే అనుకుని పాఠం మొదలుపెట్టింది.

భోజనాల వేళకు మల్లి తల్లి శంకరమ్మ వచ్చింది.

"మేడం, మల్లిని రవ్వంత పిలువు. ఇంటి తాళంచెవి ఇచ్చిపోతా. మా అక్కకు బాగలేదంట, పొదిలికి పోవాల."

"మల్లి ఈరోజు రాలేదు కదా శంకరమ్మా."

"రాలేదంటావేంది మేడం? పొద్దున నేనే జడేసి పంపించినా. పిల్ల బడికి రాకుంటే ఫోనుకు మెసేజ్ వస్తాదని మీరే గదా చెప్పినారు? ఏ మెసేజూ రాలేదు. బడిలో ఉందిలే అని నిమ్మళంగా ఉండినా."

మల్లి వాళ్ల ఇల్లు ఊరికి ఎడంగా, మేకల దొడ్ల దగ్గర ఉంటుంది. బడికి వచ్చే బాట పాడుబడిన క్వారీల పక్కనుంచి వస్తుంది. కిందటి వారం వానలకు ఆ గుంతల నిండా నీళ్లు నిలిచాయి. కిందటేడు అందులో పడ్డ గేదె, ఉబ్బి పైకి తేలేదాకా దొరకలేదు. ఆ గేదె పొట్ట ఇప్పుడు రాధాకుమారి కళ్ల ముందు కదిలింది.

గోవర్ధన్ ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"మేడం, యాప్‌లో వచ్చినట్టే ఉంది కదా. బడికొచ్చి, ఇంటర్వెల్‌లో బయటికి పోయిందని చెప్దాం. లేకుంటే ఇద్దరం సస్పెండయిపోతాం. నాకు రిటైర్మెంటు దగ్గర్లో ఉంది."

ఆ మాట వినగానే ఆమెకు ఒక్క క్షణం ప్రాణం కుదుటపడినట్టే అయింది. తల ఊపబోయింది కూడా. కిటికీలోంచి చూస్తే శంకరమ్మ మరుగుదొడ్ల వెనకా, వంటగది వెనకా "మల్లీ, మల్లీ" అని కేకలేస్తూ తిరుగుతోంది.

"అట్లా చెబితే అందరూ ఈ బడి చుట్టే వెతుకుతారు సార్," అంది రాధాకుమారి. "ఆ పిల్ల అసలు ఇక్కడికి రానేలేదు. దారిలో ఉంది."

బయటికి వెళ్లి శంకరమ్మ చేయి పట్టుకుంది. "నేను చూడకుండా హాజరు వేశాను. మల్లి బడికి రాలేదు. మెసేజ్ అందుకే రాలేదు."

శంకరమ్మ చేయి విదిలించుకుని క్వారీల బాట వైపు పరుగెత్తింది. రాధాకుమారి గేటు దగ్గరికి పోయి ఫోను తీసింది. టైపు చేస్తూ కూర్చునే వేళ కాదు. గ్రూపులో, ఎంఈఓ వినే చోటే, మాటలు రికార్డు చేసి పెట్టింది. "మా బడి పిల్ల మల్లి పొద్దున్నుంచి కనబడటం లేదు. వచ్చినట్టు నేను తప్పుగా వేశాను. మీ పిల్లల్లో ఎవరైనా చూశారేమో దయచేసి అడగండి." మల్లి ఫోటో కూడా పంపింది.

మొదట ఫోను చేసింది పక్క ఊరి టీచరు సంధ్యారాణి. రెండు బళ్లూ కలిసి పనిచేద్దామని ఆమె అంతకుముందు చాలాసార్లు అడిగింది. మన లోటుపాట్లు వాళ్లకెందుకని రాధాకుమారే దూరం పెట్టింది.

"అక్కా, క్లాసు క్లాసుకూ పోయి ఫోటో చూపించినా. మా పిల్లోళ్లు పొద్దున చూసినారంట. తప్పిపోయిన మేకపిల్ల వెనకాల తూర్పు క్వారీ వైపు పోయిందంట. నేను బండి మీద వస్తాండా. నువ్వు మనుషుల్ని, తాళ్లు తీసుకుని రా."

ఊరివాళ్లు నలుగురు పగ్గాలు భుజాన వేసుకుని కదిలారు. గోవర్ధన్ కూడా చెప్పులు జారిపోతున్నా ఆగకుండా వాళ్ల వెంట పరుగెత్తాడు. క్వారీ అంచున నిలబడి చూస్తే కింద నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. వాటి మీద ఒక చెప్పు తేలుతోంది. శంకరమ్మ కూలబడిపోయింది.

అప్పుడు కింది నుంచి పలకపెళ్లలు జారి నీళ్లలో పడ్డ చప్పుడైంది. తొంగిచూస్తే, నీళ్లకు మూరెడు పైన, రాయి అంచు మీద మల్లి ముడుచుకుని ఉంది. ఒక కాలు వంకరగా పడుంది. అరిచి అరిచి గొంతు పోయింది. పిల్ల కదిలినప్పుడల్లా పలకపెళ్లలు జలజల రాలుతున్నాయి.

"కదలొద్దు నాయనా, కదలొద్దు!" అంటూ ఇద్దరు మనుషులు నడుముకు పగ్గం కట్టుకుని దిగారు. వాళ్ల కాళ్ల కిందా రాయి జారింది. పైన సంధ్యారాణి, గోవర్ధన్, రాధాకుమారి మిగతావాళ్లతో కలిసి తాడు పట్టారు. అరచేతులు ఒరుసుకుపోతున్నా ఎవరూ వదల్లేదు. మెల్లగా మల్లిని పైకి తెచ్చారు.

పిల్ల తల్లి ఒళ్లో పడుకుని, టీచరు వైపు బెదురుగా చూసింది. "మేడం, నాకు ఆబ్సెంట్ వేసినారా?"

రాధాకుమారి పిల్ల జడలో ఇరుక్కున్న పలకముక్కలు ఏరింది.

మల్లి కాలికి మార్కాపురంలో కట్టు కట్టారు. హెడ్మాస్టరుకూ రాధాకుమారికీ సంజాయిషీ అడుగుతూ మెమోలు వచ్చాయి. ఆమె జరిగింది జరిగినట్టే రాసిచ్చింది. చుట్టుపక్కల టీచర్లందరూ కలిసే తర్వాతి మీటింగులో, ఎవరూ అడగకముందే లేచి అదంతా చెప్పింది. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన, "మేమూ అట్లనే వేస్తాండాం మేడం," అన్నాడు. ఇంకొకరు తల ఊపారు. ఎంఈఓ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

పిల్లల ముఖాలు చూశాకే ఎవరైనా నొక్కాలని, రాని పిల్ల ఇంటికి వెంటనే ఫోను చేసి పక్క బడికీ చెప్పాలని ఆ రోజు అనుకున్నారు. అలా చూసి నొక్కేసరికి వేళ దాటిపోయి, మర్నాడు గ్రూపులో బళ్లన్నీ ఎర్రగానే ఉన్నాయి.

శంకరమ్మ మాత్రం రాధాకుమారితో మాట్లాడటం మానేసింది. కట్టు విప్పాక కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి క్లాసు గుమ్మంలో వదిలి, టీచరు ముఖం చూడకుండానే వెళ్లిపోయింది.