గోడ మీద బాబ్జీ

అమ్ములు గోడ మీద గీసే బొమ్మల్లో అందరికీ మొహాలుంటాయి, వాళ్ల నాన్న బాబ్జీకి తప్ప. వల భుజానేసుకుని వేటకెళ్తున్న అతని వీపే ఎప్పుడూ.

అమ్ములుకి పుట్టుచెవుడు, మాట రాదు. బొగ్గుముక్క దొరికితే మాత్రం చెయ్యి ఆగదు. ఆ సంగతి విని, వికలాంగుల కళల మీద డాక్యుమెంటరీ తీస్తున్న శాంతి, కెమెరా మనిషిని వెంటబెట్టుకుని కాట్రేనికోన దాటి ఆ పల్లెకొచ్చింది.

"నా బొమ్మ చూసేరాండీ? ఊడిపోయిన పన్ను కూడా వదల్లేదండి, దీని చెయ్యి ఇరగా!" అని నవ్వింది పక్కింటి పోలమ్మ.

"మరి ఈయన మొహం ఎందుకు గీయదండీ?" శాంతి ఆ వీపుని చూపించింది.

"అలాగే కదండీ ఎల్లింది. తిరిగొచ్చేక గీత్తదండి," అంది అమ్ములు తల్లి పాపాయమ్మ.

పోలమ్మ నవ్వు ఆగిపోయింది.

ఏట్లో బాబ్జీ పడవ తిరగబడి ఏళ్లయింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. శవం చూడనిదే బొట్టు తీయనంది పాపాయమ్మ. రోజూ పొద్దువాలే వేళకి, అతని కాళ్లకని నీళ్ల చెంబు గుమ్మంలో పెడుతుంది. తెల్లారేసరికి నీళ్లు తరిగి ఉంటాయి. పిల్లి తాగుతోందంటుంది పోలమ్మ. పాపాయమ్మ వాదించదు.

శాంతి తన మొహం చుట్టూ వేలు తిప్పి, గోడ మీది వీపుని చూపించింది. ఇన్నాళ్లూ అమ్ములుని ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. పిల్ల తల్లివైపోసారి చూసి, గోడ మీద ఖాళీచోటు వెతుక్కుంది.

ముందు ఏటి ఒడ్డున ఉప్పుబురదలో పెరిగే మడచెట్ల వేళ్లు గీసింది. వాటి మధ్య చిక్కుకున్న జుట్టు. మెడలో పాపాయమ్మ కట్టిన తాయెత్తు. చివరికి మొహం. కళ్లు మూసుకుని ఉన్నాయి.

"ఆపేయమంటారాండీ?" కెమెరా చూపించి పాపాయమ్మని అడిగింది శాంతి. పాపాయమ్మ గోడ దగ్గరికి జరిగింది.

అమ్ములు ఆగలేదు. పక్కనే ఇంకో బొమ్మ: పందిరి గుంజని కావలించుకు కూర్చున్న ఆడమనిషి, ఆమె చెయ్యి పట్టి లాగుతున్న చిన్నపిల్ల.

వెతకబోయినవాళ్లు ఒడ్డుకి చేరేదాకా, తప్పిపోయినవాడి పెళ్లాం నీటివైపు అడుగెయ్యకూడదంటారు ఆ పల్లెలో. వేస్తే ఏరు మనిషిని వదలదట. అందుకే, వాళ్లింకా ఏట్లో వెతుకుతున్న ఆ రోజు, మోకాళ్లదాకా మడ బురదతో వచ్చి గూగూమని అరుస్తూ కూతురు లాగుతుంటే, పాపాయమ్మ గుంజ వదల్లేదు. పిల్ల జడుసుకుందని దిష్టి తీయించింది. బురద తానే కడిగింది. ఆ రాత్రే పెద్ద పోటొచ్చి మడలన్నీ ముంచేసింది.

పాపాయమ్మ కూతురి నల్లబడ్డ చేతిని పట్టుకుంది. ఎక్కడన్నట్టు అరచెయ్యి తిప్పింది. అమ్ములు లేచి లాగింది.

ఈసారి పాపాయమ్మ లేచింది.

"వదినా, పొద్దోయిందే! చెంబైనా పెట్టలేదేటే?" వెనకనించి పోలమ్మ కేకేసింది.

"ఇయ్యాల నేనే ఎల్తన్నానే," అంది పాపాయమ్మ తిరిగి చూడకుండా.

కెమెరాకి వాళ్ల వీపులే కనిపిస్తున్నాయి.