వదినగారి కొబ్బరి ఈనె

ధవళేశ్వరంలో గేట్లెత్తారని మంగళవారం వార్త వచ్చింది. సఖినేటిపల్లిలో రాజేంద్రప్రసాద్ దాన్ని నమ్మలేదు. అతను వార్తను నమ్మడు, వార్త చదివినవాణ్ణీ నమ్మడు. మస్కట్‌లో పద్దెనిమిదేళ్లు మీటర్లు బాగుచేసి వచ్చాడు. తన చేత్తో చేసినదాన్ని తప్ప దేన్నీ నమ్మకూడదని అక్కడే నేర్చుకున్నాడు.

అందుకే రేవు మెట్ల పక్కన పీవీసీ గొట్టంలో సొంత సెన్సర్ పెట్టాడు. నీళ్లు ఎనిమిది అడుగులు దాటితే అతని ఇంట్లో సైరన్ మోగుతుంది, వరసకు వదినైన కనకరత్నం ఫోనూ మోగుతుంది. ఆవిడ రెండు గేదెలూ దూడా ఏటి నడుమ లంకలో మేస్తాయి. ఎనిమిది దాటితే లంక మునగడానికి ఒక పూట చాలు.

“మరిదిగారూ, గేదెల్ని పడవెక్కించెయ్యమంటారా?” అని బుధవారం ఆవిడ అడిగింది.

“కంగారు పడకండి వదినగారూ. ఫోను మోగేదాకా కదల్చొద్దు. ఇక్కడ గడ్డెక్కడుందండీ వాటికి?”

“ఆయ్” అంది ఆవిడ.

ఏటిగట్టు మీద స్తంభానికి ప్రభుత్వం వారి నీటిమట్టం పెట్టె కూడా ఉంది. కొబ్బరికాయ కొట్టి రిబ్బను కత్తిరించి నెలైంది. శుక్రవారం పొద్దున దాని మీద ‘ఆరు అడుగులు, సురక్షితం’ అని పచ్చక్షరాలున్నాయి. గురువారమూ ఆరే. బుధవారమూ ఆరే.

గట్టు కింద టీ కొట్టులో అంజిబాబు దొరికాడు. పార్టీ తరఫున పెట్టె ప్రారంభోత్సవానికి టెంటు వేయించింది అతనే.

“మీ పెట్టె మూడ్రోజుల్నించి ఆరంటోందండీ. గోదారి ఆగిపోయిందా, ప్రోగ్రాం ఆగిపోయిందా?”

“మీరు ఆ పార్టీలోకి ఎప్పుడెళ్లేరండీ?” అన్నాడు అంజిబాబు టీ ఊదుకుంటూ.

“నేను నీళ్ల గురించి మాట్లాడుతున్నాను.”

“వాళ్లూ నీళ్ల గురించే మాట్లాడుతున్నారండి.”

కొట్టులో ఇద్దరు ఆరే అన్నారు, ముగ్గురు పది ఉంటుందన్నారు. ఎవరు ఎంతంటారో కొట్టువాడికి ముందే తెలుసు. ఎవరు ఎవరికి ఓటేశారో అతనికి తెలుసు. గట్టెక్కితే ఏరు కనిపిస్తుంది. ఎవరూ ఎక్కలేదు.

రాజేంద్రప్రసాద్ కూచున్నచోటి నుంచే పెట్టెను ఫోటో తీశాడు. పక్కన తన లెక్క పెట్టి ఊరి గ్రూపులో వదిలితే సరి. ఫోనులో తన లెక్క తెరిచాడు. ఐదు అడుగులు. వెనక్కి జరిపాడు. గురువారం ఐదు. బుధవారం ఐదు. మంగళవారం సాయంత్రం నుంచి అన్నీ ఐదే.

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు కదిలినప్పుడల్లా అల లేచి సైరన్ కూసింది. సీరియల్ వినపడటం లేదని భార్య పద్మావతి రెండుసార్లు హెచ్చరించింది. అల సంగతి రేపు చూద్దామని ప్రోగ్రాంలో సెన్సర్ చెప్పే అంకె తీసేసి, ఐదు అని తనే రాశాడు. పక్కన అలవాటు ప్రకారం ‘తర్వాత తీసెయ్యాలి’ అని కూడా రాశాడు. అతను రాసిన ప్రతి ప్రోగ్రాంలోనూ ఆ మాట ఉంటుంది. తీసిన దాఖలా లేదు.

చెప్పులు కొట్టులోనే వదిలి గట్టెక్కాడు. లంక ఉన్నచోట అరటి ఆకుల కొసలు కనిపిస్తున్నాయి.

గట్టుకు అవతల కనకరత్నం దూడను గోనెతో తుడుస్తోంది. పక్కన గేదెలు రెండూ నెమరేస్తున్నాయి.

“ఎప్పుడు తెచ్చేరండీ?” అన్నాడు.

“ఇందాకే. నిన్న నీళ్ల అంచున కొబ్బరి ఈనె గుచ్చేనండి. పొద్దుటికి మునిగింది. ఇంకోటి గుచ్చి కాఫీ తాగొచ్చేసరికి అదీ మునిగింది.”

“ఫోను మోగలేదని నాకు ఒక్క ముక్క చెప్పలేదేమండీ?”

“అంత కష్టపడి చేసేరు కదా. నొచ్చుకుంటారని.”

ఆవిడ వెనక మరో నాలుగు గేదెలున్నాయి.

“అవెవరివండీ?”

“అంజిబాబుగారివి. నా ఈనె చూసి అదే పడవలో ఎక్కించేరు. ఎవరితోనూ అనొద్దన్నారండి. పైవాళ్లు నొచ్చుకుంటారట.”

రాజేంద్రప్రసాద్ ఫోటో చెరిపేశాడు. ఇంటికెళ్లి ప్రోగ్రాంలో ఆ ఐదు తీసేసి సెన్సర్ అంకె మళ్లీ పెట్టాడు. సైరన్ అందుకుంది.

“ఏమైందండీ?” అంది పద్మావతి వంటింట్లోంచి.

“తొమ్మిదిన్నర అడుగులు.”

“తెలుసు. వదినగారు పొద్దుటే చెప్పేరు. ఆపండి.”

అతను ఆపలేదు. మూలనున్న చీపురులోంచి ఒక ఈనె లాక్కుని రేవుకి బయల్దేరాడు. తన లెక్క సరిగ్గా ఉందో లేదో చూడాలి.