కత్తెరమ్మ మీద మోపిన నేరం

రోజూ సాయంత్రం తాను చేసిన ఫోన్లే అన్నయ్య తలలో గడ్డను పెంచాయా? ఈ అనుమానం కత్తెరమ్మను ఏళ్ల తరబడి తినేస్తోంది. బట్టలు కుట్టే ఆమెను వీధి వీధంతా అలాగే పిలుస్తుంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, చేతులు మిషను మీద ఆడుతుండగా, అన్నయ్యతో గంటసేపు కబుర్లాడటం ఆమెకు అలవాటు. అన్నయ్య పోయిన రోజున వదిన అందరి ముందూ అనేసింది: "నీ ఫోన్లే ఆయన్ని మింగేశాయి!"

ఆ తర్వాత కత్తెరమ్మ ఆ గుమ్మం తొక్కలేదు. మేనకోడలితో మాటల్లేవు. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా, "నా ఫోన్లేనా?" అని ఒకటే అడిగేది. ఆయన పలకలేదు.

ఇప్పుడు మేనకోడలికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వెళ్లేలోపు ఒక్కసారి రమ్మని కబురు పంపింది. కత్తెరమ్మ ముందుగా అన్నయ్యకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"ఫోను వల్లే గడ్డలొస్తాయని ఇంతవరకూ రుజువు కాలేదమ్మా. ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు. భయమైతే స్పీకరు పెట్టుకోండి," అన్నాడాయన.

"మరి మా అన్నయ్య సంగతి?"

"ఆయనకెందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు."

ఆ సగం జవాబుతోనే ఆమె నేరుగా వదిన ఇంటికి నడిచింది.

వదిన తలుపు ఓరగా తీసింది. "ఏం, దారి తప్పావా?"

"దారి తెలిసే వచ్చా. నా ఫోన్లే చంపాయని నీకెవరు చెప్పారు వదినా?"

"ఒకరు చెప్పాలా? చెవి దగ్గర ఫోను కాలిపోతుంటే ఆయన చెయ్యి మార్చుకోవడం చూళ్లేదూ!"

"వేడి చూశావు. గడ్డ ఎందుకొచ్చిందో నువ్వూ చూళ్లేదు, నేనూ చూళ్లేదు. డాక్టరుకే తెలీదట. దేవుడు నాకు చెప్పలేదు, నీకు మాత్రం చెవిలో ఊదాడా? చేశానో లేదో తెలియని నేరం ఇంక మొయ్యను. తిట్టుకుంటే తిట్టుకో. నా మేనకోడలితో మాత్రం రోజూ మాట్లాడతా. స్పీకరు పెట్టి మరీ మాట్లాడతా. నువ్వూ విను!"

లోపల మేనకోడలు నవ్వాపుకోలేక దగ్గింది.

వదిన గుమ్మానికి ఆనుకుంది. "ఎవరో ఒకరి మీద తప్పు పెట్టకపోతే నాకు పిచ్చెక్కేది. దేవుణ్ణి అనడానికి ధైర్యం చాల్లేదు. నువ్వు దొరికావు."

"బాగానే దొరికాను!"

వదిన తలుపు బార్లా తీసి, లోపల్నుంచి అన్నయ్య కోటు తెచ్చింది. "రెండు గుండీలు కుట్టమంటే రేపు, రేపు అన్నావు. అలాగే వదిలేసి పోయాడాయన. ఇప్పుడు పిల్ల వేసుకెళ్తానంటోంది."

కత్తెరమ్మ కోటు లాక్కుని చతికిలబడింది. "సూదీ దారం ఇలా తే."

రెండో గుండీని గట్టిగా లాగి చూసి, దారం పళ్లతో కొరికింది.